‘స్లూత్’ అనే క్రియ: జాడ పట్టే మాటను వాడటం ఎలా?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంగ్లీషు పేపరు చదివేవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. లంచం తీసుకుంటూ ఎవరో ఉద్యోగి దొరికిపోతాడు, మర్నాడు హెడ్డింగులో ‘ఏసీబీ స్లూత్స్’ అని ఉంటుంది. ఆదాయపు పన్ను వాళ్లు సోదాలు చేస్తే ‘ఐటీ స్లూత్స్’. ఎయిర్‌పోర్టులో బంగారం బిస్కెట్లు పట్టుబడితే ‘డీఆర్‌ఐ స్లూత్స్’ (డీఆర్‌ఐ అంటే స్మగ్లింగు మీద కన్నేసే కేంద్ర విభాగం). చదివీ చదివీ స్లూత్ అంటే రెయిడ్‌కు వచ్చే అధికారి అన్న అర్థం మన బుర్రలో స్థిరపడిపోయింది.

ఒక తెలుగు పత్రిక డెస్కులో చేరిన కొత్తలో నేను ఈ మాట మీదే బోల్తా పడ్డాను. పాత ఫొటోలో ఉన్న సైనికుడెవరో తెలుసుకోవాలని ఏళ్ల తరబడి ‘స్లూత్’ చేసిన ఒక ముసలావిడ మీద చిన్న ఫీచర్ వచ్చింది. ‘ఏళ్ల తరబడి సోదాలు జరిపింది’ అని అనువాదం చేసి పంపేశాను. మా సీనియర్ సబ్‌ఎడిటర్ కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, ‘‘ఏవయ్యా, ఆవిడకి సెర్చి వారెంటు ఎవరిచ్చారు?’’ అన్నారు. ఆయన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

నామవాచకంగా బాగా తెలిసిన ఈ మాట క్రియగా మనవాళ్ల ఇంగ్లీషులో దాదాపు కనబడదు. కనబడినప్పుడు తికమక పెడుతుంది. డిటెక్టివులా జాడ పట్టి ఆరా తీయడం అన్నది దాని అర్థం. దీన్ని మెట్టు మెట్టుగా సొంతం చేసుకుందాం.

మొదటి మెట్టు: ముందు నోరు తిరగాలి

స్పెల్లింగు: ఎస్, ఎల్, ఇ, యు, టి, హెచ్. మధ్యలో ఉన్న ఇ, యు కలిసి ‘ఊ’ అవుతాయి. ట్రూత్, టూత్ అనే మాటలతో దీనికి ప్రాస కుదురుతుంది. చివరి ధ్వని ‘థ్యాంక్స్’లో మొదట వచ్చేదే. నాలుక కొసను పై పళ్లకు తాకీ తాకనట్టు పెట్టి గాలి వదలాలి. మన ‘థ’లా గట్టిగా కొడితే వినేవాడికి అర్థం కాకపోదు కానీ మాట మొద్దుబారుతుంది. ముందు అచ్చు చేర్చే అలవాటు ఉన్నవాళ్లు, అంటే ‘ఇస్కూలు’ బాపతు, ‘ఇస్లూత్’ అనకుండా చూసుకోవాలి.

భూతకాలంలో చివర ఇ, డి చేరతాయి. పలికేటప్పుడు మాత్రం వినపడేది ‘ట్’ లాంటి ధ్వని: ‘స్లూత్ట్’ (కింది వాక్యాల్లో స్పెల్లింగును బట్టి ‘స్లూత్డ్’ అనే రాస్తున్నాను). ఇది మనవాళ్ల నాలుకకు పెద్ద పరీక్షే. కంగారు అక్కర్లేదు, దాన్ని తప్పించుకునే ఉపాయం నాలుగో మెట్టులో ఉంది.

ఒక్క అక్షరం జారితే ‘స్లాత్’ అవుతుంది. అదంటే బద్ధకం, చెట్టు కొమ్మకు వేలాడే ఆ నిదానపు జంతువు కూడా. ఇంకో తమాషా ఏమిటంటే ఇంగ్లీషులో ఎలుగుబంట్ల గుంపును కూడా ‘స్లూత్’ అంటారు. 1486లో అచ్చయిన ఒక వేట పుస్తకంలోనే ఆ ప్రయోగం ఉంది. అయితే అది బద్ధకం అనే మాట నుంచి వచ్చింది, మన డిటెక్టివ్ స్లూత్‌కు చుట్టం కాదు. పేరు ఒకటే, ఇంటిపేర్లు వేరు.

రెండో మెట్టు: మాట వెనక ఉన్న కుక్కను చూడటం

అర్థం బట్టీ పడితే వారంలో మరిచిపోతాం. కథ తెలిస్తే మరిచిపోం. అందుకే ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

పాత నార్స్ భాషలో, అంటే స్కాండినేవియా సముద్ర యోధులైన వైకింగుల భాషలో, ‘స్లోద్’ అంటే జాడ. మనిషో మృగమో నడిచి వెళ్లిన గుర్తు. ఆ మాట ఇంగ్లండు ఉత్తర ప్రాంతాలకు, స్కాట్లాండుకు చేరి ‘స్లూత్’ అయింది. స్కాట్లాండులో వాసన పట్టి మనిషిని వెంటాడే వేటకుక్కకు ‘స్లూత్ హౌండ్’ అని పేరొచ్చింది. జాడ పట్టే కుక్క అన్నమాట.

స్కాట్లాండు రాజు రాబర్ట్ బ్రూస్ మీద జాన్ బార్బర్ అనే కవి 1370లలో ఒక పెద్ద కావ్యం రాశాడు. అందులో ఈ కుక్క ఉన్న ఘట్టం ఒకటుంది. శత్రువులు బ్రూస్‌ను అడవుల వెంట తరుముతుంటారు. వాళ్ల దగ్గర ఒక స్లూత్ హౌండ్ ఉంది. ఒకప్పుడు అది బ్రూస్ పెంచుకున్న కుక్కేనట, ఆయన చేత్తో తిండి తిన్నదేనట. ఆ మనిషి వాసన దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మనుషులు ఎటుపోయినా, గుంపు ఎన్ని ముక్కలుగా చీలినా అది రాజు వెళ్లిన దారే పడుతుంది. చివరికి బ్రూస్ ఒక వాగులో దిగి, గట్టెక్కకుండా నీళ్లలోనే నడుచుకుంటూ పోతాడు. నీటిలో వాసన నిలవదు కదా. ఒడ్డున కుక్క అటూ ఇటూ తచ్చాడి దారి పోగొట్టుకుంటుంది. ఇంకొందరు వేరేలా చెబుతారని, వెనకబడిన ఒక విలుకాడు పొదలో దాక్కుని దాన్ని బాణంతో కొట్టాడని కూడా బార్బరే రాశాడు. రెండు కథలూ ఒకేచోట పెట్టి, ఏది నిజమో నాకు తెలియదని ఊరుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఆ దృశ్యం మనసులో పెట్టుకోండి: నేలకు ముక్కు ఆనించి, ఒక్కో అడుగూ వేస్తూ, తప్పిపోయి మళ్లీ వెనక్కి వచ్చి, పట్టు వదలని జంతువు. 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి జనం డిటెక్టివులను సరదాగా ‘స్లూత్ హౌండ్’ అనడం మొదలుపెట్టారు. 1870లలో అమెరికాలో తోక తెగి ‘స్లూత్’ మిగిలింది. డిటెక్టివు పని చేయడం అనే అర్థంలో క్రియగా స్థిరపడింది 20వ శతాబ్దం మొదట్లో. అంటే ముందు జాడ, తర్వాత కుక్క, ఆ తర్వాత మనిషి, చివరికి పని.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ‘పసిగట్టడం’ అనే మాట మనకు రోజూ నోట్లో ఉండేదే. ‘పసి’ అంటే వాసన. వాసనను పట్టి సంగతి తెలుసుకోవడమే పసిగట్టడం. ‘ఆచూకీ తీయడం’, ‘అడుగుజాడ’, ‘జాడ పట్టడం’ కూడా అదే నేల మీద పుట్టిన మాటలు. కాబట్టి స్లూత్ మనకు పరాయి ఊహ కాదు, వేషం మాత్రమే వేరు.

మూడో మెట్టు: పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడం

నిఘంటువుల్లో దీనికి ఎదురుగా ‘రహస్యాన్ని ఛేదించు’ అని చూసి చాలామంది పొరబడతారు. ఛేదించడం ఫలితం. స్లూత్ చేయడం అక్కడిదాకా నడిచే నడక. కుక్క నీళ్ల దగ్గర ఆగిపోయినా అది స్లూత్ చేసినట్టే లెక్క.

కాబట్టి ‘హీ స్లూత్డ్ ఫర్ త్రీ డేస్’ అంటే మూడు రోజులు ఆరాలు తీశాడు, కూపీ లాగాడు. దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు. దొరికిందని చెప్పాలంటే ‘అవుట్’ తగిలించాలి. ‘షీ స్లూత్డ్ అవుట్ ద ట్రూత్’ అంటే ఆమె వెతికి వెతికి నిజం బయటికి లాగింది. ఆ చిన్న ‘అవుట్’ ఉందా లేదా అన్నదే మొత్తం తేడా.

నాలుగో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టడం

ఇది ఎక్కువగా కర్మ లేకుండా నడిచే క్రియ. దేన్ని అన్న ప్రశ్నకు నేరుగా జవాబు రాదు, పక్కన ఒక చిన్న మాట తోడు కావాలి. చుట్టూ తిరిగి ఆరా తీస్తే ‘స్లూత్ అరౌండ్’. ఫలానాదాని కోసం వెతికితే ‘స్లూత్ ఫర్’: ‘దే స్లూత్డ్ ఫర్ క్లూస్’. బయటికి లాగితే పైన చెప్పిన ‘స్లూత్ అవుట్’. ‘ఐ స్లూత్డ్ ద కేస్’ అనడం వ్యాకరణం ప్రకారం తప్పు కాకపోయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నేనైతే రాయను.

ఇప్పుడు ముందు చెప్పిన ఉపాయం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు దీన్ని నేరుగా క్రియగా వాడేదానికంటే ‘స్లూతింగ్’ అని పేరుగా మార్చి వాడటమే ఎక్కువ. ‘ఐ డిడ్ సమ్ స్లూతింగ్.’ ‘ఆఫ్టర్ ఎ బిట్ ఆఫ్ స్లూతింగ్, వీ ఫౌండ్ ద ఓనర్.’ ఇలా అంటే ఆ ‘స్లూత్ట్’ పలకాల్సిన బాధ కూడా తప్పుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండు వాక్యాలతోనే మొదలుపెట్టండి.

ఇంతకీ ‘క్లూ’ అన్న మాటకు పాత అర్థం దారపు ఉండ. గ్రీకు పురాణంలో థీసియస్ అనే వీరుడు చిక్కుదారుల కోటలోకి వెళ్తూ అరియాడ్నీ ఇచ్చిన దారం వెంట తెచ్చుకుని, దాన్ని పట్టుకునే బయటికి వస్తాడు. అక్కడి నుంచే ‘క్లూ’కు ఆధారం అనే అర్థం వచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలిందని మనం అంటాం. వాళ్లు దారం పట్టుకుని డొంకలోంచి బయటపడ్డారు.

అయిదో మెట్టు: పక్కింటి క్రియలతో కలగాపులగం చేయకుండా ఉండటం

అసలు కష్టం ఇక్కడే. ఇన్వెస్టిగేట్, డిటెక్ట్, డిడ్యూస్, సాల్వ్ అన్నీ ఒకటే అనిపిస్తాయి. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న మిస్టరీతో వీటిని విడదీసి చూపిస్తాను.

మామూలుగా తొమ్మిది వందలు దాటని కరెంటు బిల్లు ఒక నెల రెండు వేల మూడు వందలు వచ్చింది. ‘‘ఏవండీ, ఈ నెల ఏసీ కూడా వేయలేదు కదా’’ అంది మా ఆవిడ. ఇక్కడ మేము చేసింది కేవలం ‘నోటీస్’ చేయడం. కంటికి కనబడింది, అంతే.

తర్వాత నేను కిందికి దిగి వాచ్‌మన్‌తో మాట్లాడాను. పక్క ఫ్లాటువాళ్ల బిల్లు ఎంతొచ్చిందో కనుక్కున్నాను. పాత బిల్లులు బయటికి తీసి రీడింగులు పక్కపక్కన రాసుకున్నాను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మీటరు ముందు నిలబడ్డాను. నన్ను చూసి పైఅంతస్తు ఆయన ‘‘ఏంటి సార్, డ్యూటీ మారిందా?’’ అన్నారు. ఇదీ స్లూతింగ్ అంటే. ఎవరూ చెయ్యమనలేదు, చేతిలో అధికారం లేదు, ఉన్నది ఆసక్తి, చిరాకు.

ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి చూస్తే మధ్యాహ్నం మీటరులో ఎర్రలైటు వెలగలేదు. పొద్దున ఆరింటికి మాత్రం మెయిన్ ఆపేసి ఉన్నా టకటకా వెలుగుతోంది. అంటే మా ఇల్లు కాకుండా ఇంకేదో ఆ మీటరు మీద నడుస్తోంది. అది ఉన్నట్టు గుర్తించడం ‘డిటెక్ట్’ చేయడం. లాటిన్‌లో ఈ మాటకు అర్థం మూత తీయడం. ఉందా లేదా అన్నంతవరకే దాని పని.

పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. మా అపార్టుమెంటులో నీళ్ల మోటారు వేసే వేళలు కూడా అవే. అయితే మోటారు వైరు మా మీటరుకు తగిలి ఉండాలి. ఈ ముక్క నేను బోర్డు విప్పి చూసి తెలుసుకోలేదు, ఉన్న సంగతులు కలిపి తేల్చాను. కాబట్టి ‘డిడ్యూస్’. ఇది బుర్రతో చేసే పని, కాళ్లతో కాదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ బోర్డు విప్పాడు. అంతకుముందు నెల స్టార్టర్ మార్చినప్పుడు వైరు మా వైపు కలిపేశారు. ‘ద మిస్టరీ వాజ్ సాల్వ్‌డ్.’ అసోసియేషన్ వాళ్లు ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో సర్దారు.

ఇదే పని కరెంటు ఆఫీసు నుంచి ఒక ఇంజినీరు కాగితాలతో వచ్చి చేసి ఉంటే? అప్పుడది ‘ఇన్వెస్టిగేట్’. ఆ మాటలోనూ అడుగుజాడే ఉంది. లాటిన్‌లో ‘వెస్టీజియమ్’ అంటే పాదముద్ర. ఒకే అడుగుజాడ లాటిన్ దారిలో వచ్చి ఆఫీసరయింది, వైకింగుల దారిలో వచ్చి వేటకుక్కయింది. మన దగ్గర ‘దర్యాప్తు’కూ ‘కూపీ’కీ ఉన్న తేడా అలాంటిదే. సీఐ దర్యాప్తు చేస్తాడు, పక్కింటి పిన్నిగారు కూపీ లాగుతారు.

ఇంకో రెండు మాటలు క్లుప్తంగా. ‘ఫెరెట్ అవుట్’లో ఉన్న ఫెరెట్ ముంగిసలాంటి చిన్న జంతువు. కుందేళ్లను బయటికి తరమడానికి దాన్ని బొరియల్లోకి వదిలేవారు. దాచిపెట్టినదాన్ని తవ్వి లాగినప్పుడు ఆ మాట సరిపోతుంది. ‘సస్ అవుట్’ బ్రిటన్ వీధిభాష, ‘సస్పెక్ట్’లోంచి తుంచుకున్నది. మనిషి సంగతి అంచనా కట్టడానికి ఎక్కువగా వాడతారు.

ఆరో మెట్టు: ఎక్కడ వాడకూడదో నేర్చుకోవడం

స్లూత్‌లో ఒక చిలిపితనం ఉంటుంది. అందుకే ఎఫ్‌ఐఆర్‌లో, కోర్టు కాగితంలో, ఆఫీసు రిపోర్టులో దీనికి చోటు లేదు. మన దేశపు ఇంగ్లీషు పత్రికలు అధికారులకే ఈ పేరు తగిలించడం వల్ల మనకు ఇది గంభీరమైన మాటలా అనిపిస్తుంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఈ మాట వినగానే ముందు మెదిలేది సొంత ఆసక్తితో తిరిగే ఔత్సాహికుడో కథల్లోని డిటెక్టివో. హెడ్డింగులో ‘స్లూత్స్’ ఎందుకంటే చోటు తక్కువ. ‘ఆఫీషియల్స్’ కంటే పొట్టిగా ఉంటుంది, కాస్త కారంగా కూడా ఉంటుంది. డెస్కులో పనిచేసినవాడిగా చెబుతున్నా, సగం భాష కాలమ్ వెడల్పే నిర్ణయిస్తుంది.

మా మేనల్లుడు ఉద్యోగం కోసం రాసుకున్న రెజ్యుమేలో ‘ఐ స్లూత్డ్ ద బగ్’ అని పెట్టాడు. ‘‘మామయ్యా, కొత్తగా ఉంది కదా?’’ అన్నాడు. కొత్తగానే ఉందిరా, కానీ చదివేవాడు నువ్వు భూతద్దం పట్టుకుని కంప్యూటరు చుట్టూ తిరిగావనుకుంటాడు అన్నాను. ‘ఐడెంటిఫైడ్ ద రూట్ కాజ్’ అని మార్చాం. అదే మాట టీమ్ చాట్‌లో స్నేహితులకు పెడితే భేషుగ్గా ఉంటుంది.

చావు, ప్రమాదం, కన్నీళ్లు ఉన్నచోట మరీ జాగ్రత్త. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు ఇంటర్నెట్టులో వేలమంది ఫొటోలు ముందేసుకుని స్లూతింగ్‌కు దిగారు. దానికి నెల ముందే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థిని రెడిట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో కొందరు అనుమానితుడిగా నిలబెట్టారు. అతనికి ఆ పేలుళ్లతో సంబంధం లేదు. కొన్నాళ్లకు అతని శవం నదిలో దొరికింది. రెడిట్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. ‘ఇంటర్నెట్ స్లూత్’ అనే మాటలో అప్పటినుంచి కొంచెం చేదు కలిసింది. వెక్కిరింపుగా వాడినా ఆశ్చర్యపోకండి.

మెచ్చుకోలుగా వినబడే చోటు కూడా ఉంది. పరిశోధన పత్రాల్లో అతికించిన, కాపీ కొట్టిన బొమ్మలను పట్టుకునేవాళ్లను ‘సైన్స్ స్లూత్స్’ అంటున్నారు. ఎలిజబెత్ బిక్ అనే డచ్ సూక్ష్మజీవశాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 20,621 పత్రాలు పరిశీలించి 2016లో ఫలితాలు వెల్లడించారు. 3.8 శాతం పత్రాల్లో బొమ్మలు అనుమానాస్పదంగా పునరావృతమయ్యాయి. బిక్ వాటిని సాఫ్ట్‌వేరుతో కాదు, కళ్లతో ఒక్కొక్కటీ చూసి పట్టుకున్నారు. ముక్కు నేలకు ఆనించిన ఆ కుక్క ఇక్కడ మళ్లీ కనబడుతుంది. ‘షీ స్లూత్స్ ఫర్ డూప్లికేటెడ్ ఇమేజెస్’ అని ఆవిడ గురించి నిస్సంకోచంగా రాయొచ్చు.

మన ఏలూరు సంగతి చూడండి. 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్లు తిరిగి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. ఇది రాసేటప్పుడు ఆ లోహాలను ‘స్లూత్’ చేశారనకూడదు, ‘డిటెక్ట్’ చేశారనాలి, ఎందుకంటే అది ల్యాబులో ఉనికిని తేల్చడం. అవి ఎక్కడినుంచి వచ్చాయని నీళ్లు, పాలు, కూరగాయలు నమూనాలు తీసుకుంటూ వీధులు తిరిగిన బృందాల పనికి ‘మెడికల్ స్లూతింగ్’ అనొచ్చు. అయినా ఆస్పత్రిలో తన బిడ్డ ఉన్న తల్లి చదివే వార్తలో నేను ఆ మాట వాడను.

ఏడో మెట్టు: తెలుగు నుంచి అటువైపు నడిచి చూడటం

అభ్యాసానికి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి కాకుండా తెలుగు నుంచి మొదలుపెట్టండి. మనుషులను అడిగి తెలుసుకుంటే ‘ఆరా తీయడం’. దాచిన గుట్టు లాగితే ‘కూపీ లాగడం’. పరువు పోకుండా, ఎదుటివాళ్లకు తెలియకుండా కనుక్కుంటే ‘వాకబు చేయడం’. ఈ మూడింటికీ సందర్భం చూసి స్లూత్ సరిపోతుంది. ‘కేసు ఛేదించారు’ అన్నదానికి సరిపోదు, అక్కడ ‘క్రాక్డ్’ లేదా ‘సాల్వ్‌డ్’ రాయండి. ‘చిక్కుముడి విడిపోయింది’కి ‘అన్‌రావెల్డ్’ ఉంది.

వాకబు అనగానే పెళ్లి సంబంధాలు గుర్తొస్తాయి. మా పిన్ని దీంట్లో ఆరితేరిన మనిషి. ఒకసారి వరుడి ఇంటి వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి, అవసరం లేకపోయినా పావుకిలో కందిపప్పు కొంది. ‘‘ఇక్కడ అరువులు ఎక్కువేనా నాయనా?’’ అని మొదలుపెట్టి, ఆ ఇంటివాళ్లు ఖాతా ప్రతి నెలా మొదటివారంలోనే కట్టేస్తారని, అబ్బాయి సిగరెట్ల కోసం మాత్రం పక్క వీధి కొట్టుకు వెళ్తాడని పది నిమిషాల్లో తెలుసుకుని వచ్చింది.

ఇప్పుడు ఈ సంగతిని ఒక్క ఇంగ్లీషు వాక్యంలో చెప్పి చూడండి. ‘పిన్ని ఇన్వెస్టిగేటెడ్ ద గ్రూమ్’ అంటే ఆవిడ పోలీసు అయిపోతుంది. ‘డిడ్యూస్డ్’ అంటే ఇంట్లో కూర్చుని ఊహించిందనుకుంటారు. ‘పిన్ని స్లూత్డ్ అరౌండ్ ద గ్రూమ్స్ స్ట్రీట్’ అంటే నడక కనబడుతుంది. సిగరెట్ల సంగతి కూడా బయటపడిందని చెప్పాలంటే ‘అండ్ స్లూత్డ్ అవుట్ హిజ్ స్మోకింగ్’ అని కలపండి. కందిపప్పు మాత్రం ఇంకో వాక్యంలో రాయాల్సిందే.